పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారు తరచుగా పడిపోతున్నారు: నడిపించాలా, కూర్చోబెట్టాలా?

ప్రశ్న: తెనాలి నుండి ఒక కుమార్తె

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్ళు. ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మధుమేహం చాలాకాలంగా ఉంది. నాలుగేళ్ళ క్రితం కుడిచెయ్యి వణుకుతోందని చూపిస్తే పార్కిన్సన్స్ వ్యాధి అని న్యూరాలజిస్టు నిర్ధారించారు. అప్పటి నుండి లెవోడోపా మాత్రలు మూడు పూటలా వేసుకుంటున్నారు. వణుకు చాలావరకు తగ్గింది గాని, ఈ ఏడాది మొదలుకొని నడకలో నిలకడ తప్పుతోంది. ఇప్పటికి పలుమార్లు పడ్డారు. ఎముకలేవీ విరగలేదు గాని ఒకసారి కనుబొమ చిట్లి కుట్లు వేయవలసి వచ్చింది.

ఈ విషయంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. పడితే తుంటి ఎముక విరిగి మంచాన పడతారు కనుక కుర్చీలో కూర్చోబెట్టి అన్నీ చేతికి అందించాలని మా బాబాయి, మేనత్త అంటున్నారు. అమ్మ కూడా భయం కొద్దీ ఆ మాటకే మొగ్గుతోంది. నాన్నగారేమో ఉదయం పూట రామాలయం దాకా నడిచి వెళ్ళి, అక్కడి అరుగు మీద కూర్చుని పేపరు చదివి రావడం మానేది లేదంటున్నారు. ఫిజియోథెరపీ కూడా కొన్నాళ్ళు చేయించాము. అక్కడ మోకాళ్ళకు వేడి పెట్టి, కరెంటు పెట్టి పంపేవారే తప్ప ఆయనను ఒక్కనాడూ నడిపించి చూడలేదు. నొప్పి తగ్గింది, పడిపోవడం తగ్గలేదు. తల తూలుతోందని చెప్పినప్పుడు దగ్గరలోని డాక్టరుగారు ఒక మాత్ర రాశారు. రెండు నెలలుగా అదీ వేసుకుంటున్నారు.

ఇందులో వయస్సు వల్ల వచ్చినదెంత, వ్యాధి వల్ల వచ్చినదెంత, వ్యాయామంతో బాగుపడేదెంత అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరా? చేతికర్ర కొనాలా, వాకర్ కొనాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాము.

సమాధానం: నాడీ సంబంధ రోగులకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్

మీ నాన్నగారిని కూర్చోబెట్టకండి. ఈ మాట ముందుగా చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను.

కుర్చీకి పరిమితమైన మనిషికి తొడల్లోనూ పిరుదుల్లోనూ కండ త్వరగా కరిగిపోతుంది. వయస్సు పైబడుతున్న కొద్దీ ఎక్కువగా క్షీణించేవి వేగంగా సంకోచించే కండర తంతువులు. కాలు జారిన క్షణంలో చటుక్కున ఒక అడుగు వేసి నిలదొక్కుకోవడానికి కావలసినవి కూడా అవే. ఎంత కూర్చోబెట్టినా రాత్రి మూత్రానికి లేవక తప్పదు. అప్పుడు బలం తగ్గిన కాళ్ళతో, చీకట్లో, నిద్రమత్తులో నడుస్తారు. అందువల్ల కూర్చోబెట్టడం పడిపోయే ప్రమాదాన్ని తప్పించదు, పెంచుతుంది.

నిలకడ అన్నది ఒక్క అవయవం చేసే పని కాదు. కళ్ళు, లోపలి చెవి, పాదాల నుండీ కీళ్ళ నుండీ వచ్చే స్పర్శ, ఈ మూడింటి సమాచారాన్ని మెదడు క్షణక్షణం సరిచూసుకుంటూ కండరాలకు ఆజ్ఞలు పంపుతుంది. దీర్ఘకాలపు మధుమేహంలో పాదాల స్పర్శ మొద్దుబారుతుంది కనుక మనిషి కళ్ళ మీద ఎక్కువగా ఆధారపడతాడు. కంట్లో శుక్లం ఉంటే ఆ ఆధారం కూడా బలహీనమవుతుంది. పార్కిన్సన్స్‌లో ఇబ్బంది వేరు. మనం ఆలోచించకుండానే జరిగిపోయే కదలికలు, అంటే నడుస్తున్నప్పుడు చేతులు ఊగడం, అడుగు తగినంత పొడవుగా పడడం, ఒరిగినప్పుడు శరీరం తనంత తాను సర్దుకోవడం వంటివన్నీ చిన్నవిగా, ఆలస్యంగా మారిపోతాయి. వయస్సు ఎంత, వ్యాధి ఎంత అని శాతాల్లో విడదీసి చెప్పలేము గాని, ఏ భాగం ఎక్కువగా దెబ్బతిన్నదో పరీక్షలతో కనుక్కోవచ్చు. ఫిజియోథెరపీ అక్కడి నుండే మొదలు కావాలి. నడిపించి చూడకుండా నిలకడకు చికిత్స చేయడం కుదరదు.

మీరు వెళ్ళే ఫిజియోథెరపిస్టు చేయవలసిన పరీక్షల్లో సులభమైనది ఒకటి చెబుతాను. చేతులున్న కుర్చీలో నుండి లేచి, 3 మీటర్లు మామూలు వేగంతో నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎంత సమయం పడుతుందో చూస్తారు. 1991 నుండి వాడుకలో ఉన్న పరీక్ష ఇది. 12 సెకన్లు లేదా అంతకన్న ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్లు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ పరిగణిస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవారికి ఇదే పరీక్షను రెండోసారి, మనసుకు ఒక పని అప్పగించి చేయించాలి. మీ నాన్నగారు లెక్కల మాస్టారు కనుక 100 నుండి ఏడేసి చొప్పున తీసివేస్తూ నడవమని అడగవచ్చు. లెక్క చెప్పేటప్పుడు అడుగులు బాగా కుంచించుకుపోయినా, ఆగిపోయినా, ఆయన నడకకు ఇప్పుడు పూర్తి ధ్యాస అవసరమవుతున్నదని అర్థం. మాట్లాడితే నడక ఆగిపోయే వృద్ధులు ఆ తరువాతి నెలల్లో ఎక్కువగా పడుతున్నారని స్వీడన్ పరిశోధకులు 1997లోనే గమనించారు.

నిలబడడం, వంగడం, ఒంటికాలి మీద ఆగడం వంటి 14 అంశాలతో 56 మార్కులకు చేసే బెర్గ్ స్కేలు మన ప్రాంతంలో ఎక్కువగా వాడుకలో ఉంది. అది మంచిదే గాని, అకస్మాత్తుగా ఒరిగినప్పుడు మనిషి ఎలా నిలదొక్కుకుంటాడో, నడకలో నిలకడ ఎలా ఉందో అందులో పరీక్షించరు. అందుకే పార్కిన్సన్స్ తొలి దశల్లో ఉన్నవారికి అందులో మంచి మార్కులే వస్తాయి, మరునాడే ఇంట్లో పడతారు. ఆ రెండింటినీ కలుపుకొని 28 మార్కులకు చేసే మినీ బెస్ట్ పరీక్ష ఇటువంటివారికి ఎక్కువ ఉపయోగకరమని నా అభిప్రాయం.

ఈలోగా మీరు ఇంట్లో రెండు పనులు చేయండి. మొదటిది, రక్తపోటు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ కొలవండి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకు మించి గాని పడిపోతే న్యూరాలజిస్టుకు తెలియజేయాలి. రెండోది, ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతి పడిపోవడాన్నీ రాయండి: ఏ వేళ, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి, ఇంట్లో ఎక్కడ, ఏం చేస్తుండగా, ముందుకా వెనక్కా పక్కకా. పడబోయి నిలదొక్కుకున్న సందర్భాలను కూడా రాయండి. ఆ వివరాలు ఇక్కడ పెడితే మరింత స్పష్టంగా చెప్పగలను.

సమాధానం: తల్లిగారికి సేవ చేస్తున్న కుమారుడు, వరంగల్

మా అమ్మగారికి ఇదే వ్యాధి. నేను వైద్యుణ్ణి కాను, మాకు ఉపయోగపడినవి మాత్రమే చెబుతాను. గుమ్మాల దగ్గర అమ్మ కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోయేవి, ఒళ్ళు మాత్రం ముందుకు తూలేది. చెయ్యి పట్టి లాగితే మరింత బిగుసుకుపోయేది. ఫిజియోథెరపిస్టుగారి సలహాతో గడపకు ఇటూ అటూ నేల మీద అడ్డంగా రంగు టేపు గీతలు అంటించాము. ఒక్కొక్క గీతను దాటుతూ నడవమంటే అదే మనిషి ఆగకుండా నడిచింది. గీతలు లేని చోట నేను ఒకే వేగంతో తాళం వేస్తాను, లేదా అమ్మే నామం చెప్పుకుంటూ ఆ లయకు అడుగు వేస్తుంది.

మరొక మాట. మీ నాన్నగారు పంచె కడతారేమో చూడండి. మా పెదనాన్నగారు పంచె అంచు కాలికి తట్టి పడ్డారు. ఇంట్లోనైనా కాలి మడమను పట్టి ఉంచే చెప్పులు వాడించండి, హవాయి చెప్పులు వద్దు. స్నానాల గదిలో గోడకు కడ్డీ బిగించేటప్పుడు తువ్వాలు వేసుకునే పలచటి కడ్డీ కాకుండా మనిషి బరువు ఆపగలిగేది, గోడలోకి లోతుగా దిగేది పెట్టించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే రాసి చూశాము. పడుకున్నప్పుడు రక్తపోటు 146/82, నిలబడిన మూడు నిమిషాలకు 118/70. పడడం గాని, పడబోవడం గాని ఎక్కువగా మూడు సందర్భాల్లో జరుగుతోంది. సాయంత్రం మాత్రకు ముందు, వంటింటి గుమ్మం దగ్గర వెనక్కి తిరగబోయినప్పుడు. స్నానం చేస్తూ ముఖానికి సబ్బు రుద్దుకుని కళ్ళు మూసుకున్నప్పుడు. బీరువా తలుపు తన వైపుకు లాగినప్పుడు, అప్పుడు వెనక్కి పడుతున్నారు. రామాలయానికి వెళ్ళే దారిలో ఇప్పటివరకు ఒక్కసారి కూడా పడలేదు. దీనికి అమ్మే ఆశ్చర్యపోయింది. తల తూలడానికి ఇచ్చిన మాత్ర పేరు చూస్తే అందులో సిన్నారిజిన్ అని ఉంది.

సమాధానం: ఫిజియోథెరపీ అధ్యాపకురాలు, విశాఖపట్నం

అమ్మా, మీరు రాసిన వివరాలు చాలా విలువైనవి. అన్నిటికంటే ముందు ఆ మాత్ర సంగతి. కదలికలను నడిపించడానికి మెదడుకు కావలసిన డోపమైన్ అనే రసాయనం పనిని సిన్నారిజిన్ అడ్డుకోగలదు. లెవోడోపా ఇచ్చేది డోపమైన్ కొరతను పూరించడానికి కనుక, ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి. వృద్ధులలో సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్ వంటి మందులు దీర్ఘకాలం వాడితే పార్కిన్సన్స్ లక్షణాలు కొత్తగా కూడా రావచ్చు. కళ్ళు తిరిగినప్పుడు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా ఈ వ్యాధి ఉన్నవారికి తగనివే. మన ఊళ్ళలో తల తూలుతోందనగానే ఇవి రాయడం పరిపాటి కావడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం. మీరుగా ఏ మాత్రా ఆపవద్దు; ఆ మాత్ర రాసిన చీటీ, మీ నోటు పుస్తకం రెండూ తీసుకుని న్యూరాలజిస్టును ఈ వారంలోనే కలవండి. నిలబడినప్పుడు పై అంకె 28 తగ్గడం కూడా ఆయనకు చెప్పండి. మీ నాన్నగారు 'తూలుతోంది' అంటున్నది బహుశా ఈ రక్తపోటు పతనమే కావచ్చు. దానికి మందుల మార్పు, నీరు తాగే పద్ధతి, మంచం తలవైపు ఎత్తు పెంచడం వంటి మార్గాలున్నాయి.

ఇక మూడు సందర్భాలు. వాటికి మూడు వేర్వేరు కారణాలున్నాయి.

సబ్బు రుద్దుకుంటూ కళ్ళు మూసినప్పుడు తూలడం పాదాల స్పర్శ తగ్గిన మనిషి లక్షణం. కళ్ళు మూయగానే ఆయనకున్న ప్రధానమైన ఆధారం పోతున్నది. 10 గ్రాముల నైలాన్ తంతువుతోనూ, 128 హెర్ట్జుల శ్రుతిదండంతోనూ (తట్టగానే కంపించే లోహపు కడ్డీ) పాదాలను పరీక్షిస్తే అయిదు నిమిషాల్లో తేలుతుంది. విటమిన్ బి12 పరీక్ష కూడా చేయించండి, మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడేవారిలో అది తగ్గే అవకాశం ఉంది. స్నానం మాత్రం ఈ రోజు నుండే బల్ల మీద కూర్చుని చేయించండి.

బీరువా తలుపు లాగుతూ వెనక్కి పడడం పార్కిన్సన్స్‌కు సంబంధించినది. న్యూరాలజిస్టు రోగి వెనుక నిలబడి భుజాలు పట్టి చటుక్కున లాగి చూసే పరీక్ష దీనికోసమే. ఒకటి రెండు అడుగుల్లో నిలదొక్కుకోవాలి. అంతకు మించి అడుగులు పడినా, పట్టుకోకపోతే పడిపోయేలా ఉన్నా, నిలకడ దెబ్బతిన్నదని లెక్క. హోన్, యార్ అనే వైద్యులు 1967లో ప్రతిపాదించిన అయిదు దశల వర్గీకరణలో మూడో దశకు గుర్తు ఇదే. ఈ లోపం లెవోడోపాతో వణుకంతగా, బిగుతంతగా మెరుగుపడదు, అందుచేత సాధన మీద ఎక్కువ ఆధారపడవలసి వస్తుంది. బీరువా, ఫ్రిజ్ తలుపులు తీసేటప్పుడు ఎదురుగా కాకుండా కొద్దిగా పక్కకు, ఒక కాలు వెనక్కి వేసి నిలబడడం నేర్పించాలి. ఫిజియోథెరపిస్టు పక్కన ఉండగా, నడుముకు పట్టీ కట్టి, వెనక్కి పెద్ద అడుగు వేయడాన్ని మళ్ళీ మళ్ళీ సాధన చేయించాలి.

వంటింటి గుమ్మం దగ్గర జరుగుతున్నది వేరు. మాత్ర ప్రభావం తగ్గిన వేళ, ఇరుకైన చోట, తిరగబోతుండగా కాళ్ళు ఆగిపోతున్నాయి. మూడు కారణాలూ ఒక్కచోట కలిశాయి. ఉన్నచోటనే గిరుక్కున తిరగకుండా, గుండ్రంగా పెద్ద వంపు తీసుకుంటూ, ఒక్కొక్క అడుగు ఎత్తి వేస్తూ తిరగడం అలవాటు చేయించండి. వరంగల్ సోదరులు చెప్పిన గీతలు, తాళం చాలా మంచి సలహాలు. సాయంత్రం మాత్ర వేళను ముందుకు జరపడం గురించి డాక్టరును అడగండి. మాత్ర అన్నానికి ముందే వేసుకుంటున్నారా అన్నది కూడా చూడండి. పప్పు, పెరుగు, గుడ్డు వంటి మాంసకృత్తులున్న ఆహారంతో కలిపి వేసుకుంటే కొందరిలో మందు సరిగా అందదు.

రామాలయం దారిలో ఎందుకు పడలేదంటే, అది ఉదయపు మాత్ర పనిచేసే వేళ, దారి తిన్నగా ఉంది, వెలుతురు ఉంది, ఆయన ధ్యాస నడక మీదనే ఉంది. ఆ నడకను ఆపితే ఆయన చేస్తున్న అత్యుత్తమమైన వ్యాయామాన్ని మనమే ఆపినవారమవుతాము. ఎవరైనా పక్కన నడవండి, దారిలో కబుర్లు మాత్రం వద్దు; అరుగు మీద కూర్చున్నాక మాట్లాడుకోవచ్చు.

వ్యాయామంతో ఎంత మారుతుందని అడిగారు. ఇంటి వద్ద నివసించే వృద్ధుల మీద జరిగిన వందకు పైగా పరిశోధనలను కలిపి 2019లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. వ్యాయామం పడిపోవడాలను సుమారు 23 శాతం తగ్గిస్తుందని అందులో తేలింది. నిలకడ సాధన, కండర బలం రెండూ కలిపి చేసినప్పుడు ఫలితం ఇంకా ఎక్కువగా కనిపించింది. పార్కిన్సన్స్ ఉన్న 195 మందితో అమెరికాలోని ఆరెగాన్‌లో చేసి 2012లో ప్రచురించిన పరిశోధనలో, వారానికి రెండుసార్లు 24 వారాలు తైచీ (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం) చేసినవారు, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారికన్న తక్కువగా పడ్డారు. సాగదీయడం ఒక్కటే చాలదన్నది నాకు ఇందులో ముఖ్యమైన పాఠం. బరువును ఒక కాలి నుండి మరో కాలికి మార్చడం, పక్కకు, వెనక్కి అడుగులు వేయడం, చేతి ఊతం లేకుండా కుర్చీలో నుండి లేవడం వంటివి ఉండాలి, అవి కొద్దిగా కష్టంగా కూడా ఉండాలి.

హైదరాబాద్ మిత్రులు చెప్పినవాటిలో, కూర్చోబెట్టవద్దన్న మాటకు ఒక హద్దు చేర్చదలచుకున్నాను. ఆస్ట్రేలియాలో 231 మంది పార్కిన్సన్స్ రోగులతో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ భాగం ఇంటివద్ద సొంతంగా చేసిన వ్యాయామం మొత్తం మీద పడిపోవడాలను తగ్గించలేదు. వ్యాధి తక్కువ తీవ్రతతో ఉన్నవారిలో మాత్రం స్పష్టంగా తగ్గించింది. మీ నాన్నగారి విషయంలో వెనక్కి పడే గుణం ఉంది కనుక, నిలబడి చేసే కష్టమైన సాధనలు ఎవరో ఒకరు చేయి అందేంత దూరంలో ఉన్నప్పుడే జరగాలి. కూర్చుని లేవడం వంటివి వంటింటి గట్టు పట్టుకుని రోజూ చేయవచ్చు.

సమాధానం: ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్

మేడమ్ గారు చేర్చిన హద్దుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 'కూర్చోబెట్టకండి' అన్న నా మాటను 'ఒంటరిగా వదిలేయండి' అని ఎవరూ అర్థం చేసుకోకూడదు.

కర్ర, వాకర్ ప్రశ్న మిగిలిపోయింది. ఎత్తి ముందుకు పెట్టుకుంటూ నడిచే నాలుగు కాళ్ళ వాకర్ ఈ వ్యాధిలో తరచుగా ఇబ్బంది పెడుతుంది; ఎత్తిన ప్రతిసారీ నడక లయ తెగుతుంది, ఎత్తేటప్పుడు వెనక్కి తూలే ప్రమాదమూ ఉంది. చక్రాల వాకర్ కొందరికి బాగా సరిపోతుంది, ముందుకు పరుగెత్తే నడక ఉన్నవారికి బ్రేకులు లేకపోతే ప్రమాదం. చేతికర్ర పక్కకు తూలేవారికి మేలు చేస్తుంది గాని వెనక్కి పడడాన్ని ఆపదు. మీ నాన్నగారికి ప్రస్తుతం బయట నడకకు ఒక కర్ర చాలునేమో, అదీ నడిపించి చూసిన తరువాతే కొనాలి. పిడి ఆయన మణికట్టు ముడత ఎత్తుకు రావాలి. ఆదాయం తక్కువగా ఉన్న వృద్ధులకు కర్రలు, వాకర్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. ఈ చర్చ చదువుతున్న ఇతరులు తమ జిల్లాలోని వయోవృద్ధుల సంక్షేమ శాఖలో విచారించవచ్చు.

ఇక పడిన తరువాత లేచే పద్ధతి. మీ ఇంట్లో ఎవరికీ నేర్పి ఉండరు, కాని మీ అమ్మగారి భయం చాలావరకు అందువల్లనే తగ్గుతుంది. పడగానే లాగి లేపకూడదు. ముందు నొప్పి ఎక్కడుందో అడగాలి. తుంటిలో తీవ్రమైన నొప్పి ఉన్నా, కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్లు కనిపించినా కదల్చకుండా 108కు ఫోన్ చేయాలి. తలకు దెబ్బ తగిలి, ఆయన రక్తాన్ని పలచన చేసే మందులు వాడుతూ ఉంటే, బాగానే ఉన్నానని చెప్పినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇవేవీ లేకపోతే, పక్కకు పొర్లి, మోచేతి మీద లేచి, మోకాళ్ళ మీదకు వచ్చి, ఎదురుగా తెచ్చిపెట్టిన గట్టి కుర్చీ మీద రెండు చేతులూ ఆన్చి, బలమైన కాలిని ముందుకు వేసి పైకి లేవాలి. ఎవరైనా వెనుక రెండో కుర్చీ సిద్ధంగా పెట్టాలి. లేచిన వెంటనే నడవనివ్వకుండా కొద్దిసేపు కూర్చోబెట్టి రక్తపోటు చూడండి. మోకాళ్ళు సహకరిస్తే దీనిని మాత్ర పనిచేసే వేళలో, పరుపు మీద, ఫిజియోథెరపిస్టు ఎదుట సాధన చేయించండి. మీ అమ్మగారిని కూడా ఆ సమయంలో అక్కడే ఉంచి, కుర్చీ ఎక్కడ పెట్టాలో ఆమె చేతనే పెట్టించండి.